ఉద్యోగి కిలో ఎంత?

నూజివీడులో ఎవర్ని కదిపినా రేటు మాటే. పూత మీదే మామిడి తోట గుత్తకు పట్టిన మా బాబాయికైతే, లోకంలో ప్రతిదానికీ ఓ కిలో ధర ఉంటుందని గట్టి నమ్మకం. బోయింగ్ 2024లో పదో వంతు, అంటే 17 వేల మందిని తగ్గిస్తామందనీ, బెంగళూరు కేంద్రంలో సుమారు 180 మంది ఇళ్లకెళ్లారనీ చదివి వినిపిస్తే, కళ్లజోడు సర్దుకుని అడిగాడు: “మరి గవర్నమెంటు కిలోకి ఎంతిస్తోందిరా?”

నవ్వకండి. 2025లో చిత్తూరు వైపు తోతాపురి, అదే మన కలెక్టరు కాయ, రేటు పడిపోతే కిలోకి 12 రూపాయలని లెక్క కట్టారు. ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, సర్కారు 4 కలుపుతుంది. (మన రసాలకు ఆ యోగం లేదు, ఆ ఏడుపు వేరే.) ఆ లెక్కన డెబ్బై కిలోల ఇంజనీరుకు 280 రూపాయలు. మెడలో ట్యాగుతో తూస్తారా, తీసేసి తూస్తారా అన్నది జీవోలో తేల్చుకోవచ్చు.

చట్టం మాత్రం మనిషిని రోజుల్లో తూస్తుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుడికి ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం ఇమ్మంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌ ఇంకో మేలు చేసింది. ఫ్యాక్టరీలో జనాన్ని తీసెయ్యాలంటే ఇదివరకు వంద మంది ఉన్నా సర్కారును అడగాలి, ఇప్పుడు మూడు వందలుంటేనే. తీసేసినవాడు కొత్త పని నేర్చుకోవడానికి యజమాని మరో 15 రోజుల జీతం నిధికి కట్టాలి. బాబాయి ఇక్కడ పగలబడి నవ్వాడు. చిక్కం పట్టి, తొడిమ ఊడకుండా, సొన కాయ మీద కారకుండా కోయడం ఒక్కటి నేర్పడానికే కుర్రాళ్లతో సీజనంతా గొంతు చించుకుంటాడాయన.

అమెరికా వాళ్లకు ఇంత తెలివి లేదు. 2021లో విమాన విడిభాగాల కంపెనీల కోసం 300 కోట్ల డాలర్లు పక్కనపెట్టి, వేటు పడబోయే వాళ్ల జీతంలో సగం దాకా ఆరు నెలలు సర్కారే భరించింది. ఉద్యోగం పోకముందే!

మనకూ విమానాలంటే ప్రేమ లేకపోలేదు. 2025 జులైలో విమాన పరిశ్రమ కోసం తలపెట్టిన దేవనహళ్లి భూసేకరణను కర్ణాటక మానుకోగానే, మన మంత్రి లోకేశ్ గారు ఆ కంపెనీలను ఇటు రమ్మని పిలిచారు, 8 వేల ఎకరాలకు పైగా సిద్ధమన్నారు. కంపెనీ వస్తే ఎకరాలు. మనిషి పోతే?

“ఏమీ లేదనకు బాబాయ్, ఈఎస్ఐలో అటల్ బీమిత్ పథకం ఉంది. సగం జీతం, 90 రోజులు. కాకపోతే జీతం 21 వేలు దాటనివాళ్లకే. అదీ జన్మలో ఒక్కసారే.”

“మరి రెండోసారి ఉద్యోగం పోతే?”

“రెండోసారి పోవాలంటే ముందు రెండో ఉద్యోగం దొరకాలి కదా! ఆ ప్రమాదం రానివ్వరులే.”