పిల్లాడి గురించి మాట్లాడుకునే మీటింగులేవి?

ఇప్పటి బళ్ళో పనిచేసే మేస్టార్లకి శిక్షణలకేం కొదవలేదు. 2019 ఆగస్టులో కేంద్రం ‘నిష్ఠ’ మొదలుపెట్టింది, దేశం మొత్తం మీద 42 లక్షల మందికి అని. కరోనా వచ్చాక అది దీక్ష యాప్‌లోకి ఎక్కింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు ఇలాంటి శిక్షణ తీసుకోవాలంది. పిల్లల ప్రవర్తన, పాఠం మీద వాళ్ళ మనసు నిలపడం, వాళ్ళ భావోద్వేగాలు, అన్నిటికీ మాడ్యూళ్ళున్నాయి. వీడియో చూడాలి, చివర్న జవాబులు నొక్కాలి, సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ఇంతా అయ్యాక, సోమవారం పొద్దున్నే మూడో తరగతి పిల్లాడు పక్కవాడి పలక విరగ్గొట్టి బల్ల కింద దూరి కూర్చుంటే ఏం చెయ్యాలో మటుకు ఎవరూ చేసి చూపించరు. నా కోపమంతా అక్కడే.

మా రోజుల్లో చేసి చూపించేవారు. ఏలూరు జిల్లా కామవరపుకోట చుట్టుపక్కల ప్రాథమిక బళ్ళలో పనిచేసిన మా వయసువాళ్ళకి ఏపీపీఈపీ, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, అంటే వేరే చెప్పనక్కర్లేదు. బ్రిటన్ ప్రభుత్వం డబ్బుతో 1980ల్లో కొన్ని జిల్లాల్లో మొదలై, 1989 తర్వాత రాష్ట్రమంతా పాకిన పథకం. దానికి ఆరు సూత్రాలు. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలి, ఊళ్ళో దొరికేవాటితోనే చెప్పాలి, ఏ ఇద్దరు పిల్లలూ ఒకలా ఉండరని గుర్తుంచుకోవాలి, ఈ ధోరణిలో. సూత్రాలు ఎవరైనా రాస్తారు. అసలు విషయం ఉపాధ్యాయ కేంద్రాల్లో జరిగే సమావేశాలు. చుట్టుపక్కల పది బళ్ళ వాళ్ళం ఒక బళ్ళో చేరేవాళ్ళం. ఒకరు నిజం పిల్లల ముందు నమూనా పాఠం చెప్పాలి, మిగిలినవాళ్ళం వెనక కూర్చుని చూడాలి. పిల్లల్ని పంపేశాక చర్చ.

అలాంటి ఒక సమావేశంలో ఒకాయన చింతపిక్కలతో తీసివేతలు చెబుతున్నారు. పిల్లలందరూ చుట్టూ మూగి పిక్కలు లెక్కపెడుతుంటే ఒక్క పిల్లాడు గోడకి చేరగిలబడి కునుకు తీస్తున్నాడు. రెండుసార్లు లేపారు, మూడోసారి మళ్ళీ నిద్రే. చర్చలో ఒకరు బద్ధకం అన్నారు, ఒకరు భయం లేదన్నారు. ఆ ఊళ్ళోనే కాపురముంటున్న మేస్టారు లేచి, “బ్యారన్ కాలుతోందండీ వాళ్ళింట్లో” అన్నారు. మా మెట్టలో వర్జీనియా పొగాకు ఆకు బ్యారన్‌లోకి, అంటే ఆకు పండబెట్టే కొట్టంలోకి, ఎక్కిందంటే అయిదారు రోజులు మంట ఆరకూడదు. రాత్రుళ్ళు ఇంటిల్లిపాదీ అక్కడే. పిల్లాడు పగలు ఆకు కట్టడానికి కర్రలందించి, రాత్రి తండ్రి పక్కన కూర్చుని, పొద్దున్నే బడికొచ్చాడు. అది విన్నాక బద్ధకం అన్నాయన ఇంక మాట్లాడలేదు. ఆ సీజన్ అయ్యేవరకూ వాణ్ణి పొద్దున మొదటి గంట పడుకోనివ్వాలని, లెక్కలు మధ్యాహ్నం భోజనమయ్యాక చెప్పాలని, పిక్కలు పంచే పని వాడికే అప్పగించాలని అక్కడికక్కడే అనుకున్నారు. తండ్రితో మాట్లాడే పని ఆ ఊరి మేస్టారు తీసుకున్నారు. ప్రవర్తన మీద శిక్షణ అంటే నా లెక్కలో అదీ. ఎవరో తయారుచేసి పంపిన కథలోని పిల్లాడు కాదు, మా కళ్ళ ముందు నిద్రపోతున్న పిల్లాడు.

ఆ రోజుల్లో పుస్తకాలు కూడా మా మధ్య చేతులు మారేవి. గిజూభాయి బధేకా గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటి కల’. అందులో మేస్టారు మొదటి రోజు పిల్లల చేత నిశ్శబ్దం ఆట ఆడించబోతాడు. క్లాసు గోలగోల అయిపోతుంది. మర్నాడు కథ ఎత్తుకుంటాడు, గోల చేసిన పిల్లలే కదలకుండా కూర్చుంటారు. జపాన్ ‘టోటోచాన్’ తెలుగులో ‘రైలుబడి’. కొత్తగా చేరిన అల్లరి పిల్ల చెప్పే కబుర్లు హెడ్మాస్టరు కొబయాషీ మొదటి రోజే నాలుగు గంటలు కూర్చుని వింటాడు. ఈ రెండూ చదివిన టీచరుకి భావోద్వేగాల మాడ్యూల్ కొత్తగా చెప్పేది తక్కువే.

బెత్తం సంగతికొస్తే, అది పోయినందుకు నాకు ఏ బాధా లేదు. తొడపాశం, గోడకుర్చీ, అంతకుముందు తరంలో కోదండం, ఇవన్నీ పిల్లల్ని బడి నుంచి తరిమినవే. మన రాష్ట్రంలో 2002లోనే నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడమే కాదు, మనసు నొప్పించే మాటలూ కూడదంది. మంచి చట్టం. అయితే బెత్తం తీసేసిన చేతిలో ఏం పెట్టారు? ఒక ఫోను పెట్టారు. 2022లో ముఖం చూపించి హాజరు వెయ్యమన్నారు. అప్పట్లో మరుగుదొడ్ల ఫొటోలు, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ అందులోనే పెట్టమనేవారు. ఇప్పుడు రకరకాల యాప్‌లని లీప్ అనే ఒక్క యాప్‌లోకి చేర్చారు. చేర్చినంత మాత్రాన పని తగ్గిందా అని ఏ బళ్ళోనైనా అడగండి.

టీచ్ టూల్ అని ప్రపంచ బ్యాంకువాళ్ళ పద్ధతొకటి మన బళ్ళకీ వచ్చింది. పరిశీలకుడు తరగతిలో 15 నిమిషాల చొప్పున రెండుసార్లు చూసి మార్కులు వేస్తాడు. మేస్టారు పిల్లలతో గౌరవంగా మాట్లాడుతున్నారా, తప్పు చేసిన పిల్లకి ధైర్యం చెబుతున్నారా, పిల్లలు ఒకరికొకరు సాయపడేలా చూస్తున్నారా. అడిగినవన్నీ అడగాల్సినవే, కాదనను. కానీ మార్కులేసిన మనిషి ఆ సాయంత్రం దాకా ఉండి, “ఆ చివరి వరసలో పిల్ల ఎందుకు నోరు విప్పట్లేదంటారు?” అని టీచరుతో కూర్చుని మాట్లాడకపోతే ఆ మార్కు ఎందుకు?

మొన్న ఒక కుర్ర టీచరమ్మ నాతో అంది, “మేస్టారూ, ఆ పిల్లాడి ఇంటికెళ్ళి రావాలనే ఉంటుందండి. సాయంత్రం బస్సు తప్పితే ఏలూరు చేరేసరికి రాత్రయిపోతుందండి.” ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. కానీ పిల్లాడి ఇల్లు చూడకుండా పిల్లాడి కోపం అర్థం కాదు. పొగాకు స్థానంలో పామాయిల్ తోటలొచ్చాయి, కొల్లేరు లంకల్లో చేపల చెరువుల కాపలాకి సంసారాలు గట్ల మీదికెళ్తాయి, బ్యారన్ దగ్గర మేలుకున్న కళ్ళు ఇప్పుడు సెల్‌ఫోన్ ముందు మేలుకుంటున్నాయి. కారణాలు మారాయి, పిల్లాడు గోడకి చేరగిలబడి నిద్రపోవడం మారలేదు. 2024 డిసెంబరు 7న తల్లిదండ్రుల మెగా సమావేశం పెట్టారు, సంతోషం. అయితే తల్లి బడికొచ్చి కూర్చోవడం వేరు, మేస్టారు వాళ్ళ గుమ్మంలో నిలబడడం వేరు.

స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు ఇప్పటికీ జరుగుతున్నాయి. కొఠారీ కమిషన్ 1960ల్లోనే చెప్పిన ఏర్పాటది, దగ్గరి బళ్ళన్నీ ఒకదానికొకటి ఆసరాగా ఉండాలని. ఇప్పుడు అక్కడ సర్క్యులర్లు చదువుతారు, లింకులు పంపుతారు, సంతకాలు పెట్టించుకుంటారు. అధికారులకి నా విన్నపం ఒకటే. ఆ మీటింగులో మొదటి గంట ఫోన్లు పక్కన పెట్టించండి. నిజం పిల్లలతో ఒక పాఠం జరగనివ్వండి. తర్వాత ఆ తరగతిలోని ఒక్క పిల్లాడి గురించి, ఒక్క పిల్ల గురించి అందరూ కలిసి మాట్లాడుకోనివ్వండి. దూబచర్లలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో పాఠాలు చెప్పేవాళ్ళని కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చోమనండి. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు, ప్రపంచ బ్యాంకు అప్పూ అక్కర్లేదు.