నాంపలీశ శతకం: ఉన్న ఒక్క పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక. శతకమన్నాక నూరు పద్యాలుండాలి. ఇందులో రాతకెక్కింది ఒక్కటే. తక్కిన తొంభైతొమ్మిదీ వంటింటి నుంచి మౌఖికంగా వినబడుతూ ఉంటాయి. కవయిత్రి మా ఇంటావిడ, ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైన పంతులమ్మ. మాతృక కరెంటు బిల్లు వెనకవైపు ఉంది, ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద. ఏకైక ప్రతి గనుక పాఠభేదాలు లేవనుకున్నాను. తొందరపడ్డాను, అది తర్వాత.

రచనాకాలం నుమాయిష్ మొదలైన మొదటి వారం. మా ఇల్లు నాంపల్లిలో, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ మైకు వినబడేంత దూరంలో. 1938లో పుట్టిన ఆ సంత ఏటా జనవరి మొదట్లో మొదలై ఫిబ్రవరి నడుమ దాకా సాగుతుంది. మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతారు. ఆ పిల్లవాడు దొరికాడని మళ్లీ మైకులో చెప్పేదాకా మా ఆవిడకు నిద్ర పట్టదు. చెప్పడం వాళ్లు ఒక్కోసారి మరిచిపోతారు. అలాంటి ఒక రాత్రి తెల్లవారి పుట్టిన పద్యమిది:

చెరువు చెంత నూరు, చేరువ సంద్రమ్ము,
రద్ది లేని గదియు, రైలు దిగగ
పొద్దు నిడ్లి దొరక, ఫోను మోగక యుండ
నట్టి చోటు జూపు నాంపలీశ!

టీక. చెరువు చెంతన్ = చెరువు పక్కన; ఊరు = ఊరున్నూ; చేరువన్ = దగ్గరలో; సంద్రమ్ము = సముద్రమున్నూ; రద్ది లేని గదియు = మనుషులు తొక్కిసలాడని గదియును; రైలు దిగగన్ = రైలు దిగీ దిగగానే; పొద్దున్ = కాఫీకి ముందో వెనకో; ఇడ్లి దొరకన్ = ఇడ్లీ లభించగా; ఫోను మోగక యుండన్ = ఫోను ఊరకుండగా; అట్టి చోటు = అటువంటి ప్రదేశమును; చూపు = వెదికి, టికెట్లు కూడా తీసి చూపుము; నాంపలీశ = ఓ నాంపల్లి ప్రభువా, అనగా నేను.

మెదక్ సీమలోని కొలిచెలమవాడు మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు నాకు లేదు.

ఛందస్సు ఆటవెలది. "రద్దీ" అనవలసిన చోట గణం కోసం "రద్ది" అన్నారు. నాంపల్లి మొత్తం మీద రద్దీ తగ్గిన చోటు ఇదొక్కటే. రద్దికీ రైలుకూ యతి చక్కగా కుదిరింది. అది కవి ప్రతిభ అనుకునేరు, ఆ రెంటికీ యతిమైత్రి పుట్టుకతోనే ఉంది. ఇక నాంపల్లి ఒక లకారం పోగొట్టుకుంది. అబిడ్స్ అసలు పద్యంలోకే రాలేదు. ఆరవ నిజాం కొలువులోని ఆల్బర్ట్ అబిడ్ దుకాణం వల్ల ఆ పేరొచ్చింది గాని, ఆయన గణాలు చూసుకుని దుకాణం పెట్టలేదు.

నాంపల్లి వ్యుత్పత్తి. నేక్‌నాం ఖాన్ జాగీరు గనుక నేక్‌నాంపల్లి, అదే అరిగి నాంపల్లి అయిందంటారు. పారసీకంలో "నమ్" అంటే తడి గనుక తడిపల్లె అని ఇంకొకరు. రెండోది నిజమైతే చెరువు కోసం రైలెక్కే పనేముందని మా అబ్బాయి. వాడిదే పూర్వపక్షం.

పూర్వపక్షం. "నాన్నా, హుస్సేన్‌సాగర్ ఉందిగా! చూడ్డానికి చెరువు, పేరుకు సాగరం. రెండూ ఒకేచోట, ఆటోలో పది నిమిషాలు" అన్నాడు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంనాటి చెరువు, 1992 నుంచి నడుమ బుద్ధుడు కూడా నిలబడి ఉన్నాడు, శాంతికి లోటేమిటని వాదం. ఖండన: మూలంలో "చేరువ సంద్రమ్ము" అని విడిగా ఉంది. ఎవడూ తనకు తానే పొరుగువాడు కాలేడు. పైగా అక్కడికి పోవడానికి రైలు దిగనక్కర లేదు, దిగకపోతే ఇడ్లీకి అన్వయం కుదరదు.

కొల్లేరు కూడదు, సముద్రం దాని గడపలో లేదు. చిల్కా అన్నివిధాలా సరిపోతుంది గాని ఆ వైపు హౌరా బండి సికింద్రాబాదులో ఎక్కాలి. నాంపలీశా అని పిలిపించుకుని సికింద్రాబాదులో బండెక్కడం కవిహృదయానికి విరుద్ధం. ఇంతకీ మా స్టేషను బళ్లు కొన్ని ఈమధ్య చర్లపల్లికి తరలాయి. చర్లపల్లికి పంపారు అంటే ఈ ఊళ్లో ఒకప్పుడు అక్కడి జైలుకని అర్థం ఉండేది.

సిద్ధాంతం. కాబట్టి మిగిలింది పులికాట్. గూడూరు దాటాక మద్రాసు దారిలో సూళ్లూరుపేట. ఆధారాల కోసం ఆదివారం అబిడ్స్ వెళ్లాను. దుకాణాలు మూసి ఉంటాయి గనుక షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పులికాట్ మీద ఏమైనా ఉందా భాయ్ అని అడిగితే ఆయన జిమ్ కార్బెట్ తీసిచ్చాడు. "పులి కాటు" అని విన్నాడు కాబోలు. యాభై రూపాయలకు తీసుకున్నాను. ఆ పేరు నిజానికి తమిళ పళవేర్కాడు నుంచి వచ్చింది. 1613లో డచ్చివారు గెల్డ్రియా కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేసిన, సరస్సు దక్షిణపు కొస అది.

ఇది చెరువు కాదు, సరస్సు కూడా సరిగా కాదు. కాళంగి, అరణి మంచినీళ్లు తెస్తాయి, సముద్రం ఇసుక గండ్ల గుండా ఉప్పునీళ్లు తోస్తుంది. చిల్కా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పెద్దదంటే లోతైనదని కాదు, చాలాచోట్ల మనిషి నిలబడొచ్చు. అందుకే ఫ్లెమింగోలు వస్తాయి, నిలబడి తినే జాతి అది. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతుంటే తవ్వించమని జాలరులు అడుగుతూనే ఉన్నారు. వేసవిలో చాలా మేర ఎండిపోతుంది. అంటే "చెరువు చెంత" అనే విశేషణం ఋతువును బట్టి చెల్లుతుంది.

"చేరువ సంద్రమ్ము" అనేచోట కవయిత్రి జాగ్రత్త మెచ్చదగినది. చేరువ అన్నారు గాని చేరడం అనలేదు. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి అడ్డంగా పడుకుని ఉంది. సూళ్లూరుపేట నుంచి నీళ్ల మధ్యగా తిన్నగా రోడ్డు వేశారు, చివర గేటుంది, అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు. కాళ్లు తడవాలంటే వాకాడు వైపు తూపిలిపాలెం పోవలసిందే.

ఇప్పుడు "రద్ది లేని". ఇక్కడ వ్యాఖ్యాతకు చెమట పట్టింది. పక్షులు అక్టోబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. దగ్గర్లోని నేలపట్టులో గూడబాతులు చెరువులో సగం మునిగిన చెట్ల మీద గూళ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. వాటి రెట్ట కలిసిన నీళ్లు పొలాలకు ఎరువని రైతులు వాటి జోలికి పోరు. ఇలా వచ్చే పక్షుల పేర సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ చేస్తారు. 2025లో అది జనవరిలో మూడు రోజులు జరిగింది. స్టాళ్లు, స్టేజీ, మైకు. నుమాయిష్ నుంచి పారిపోయినవాడు సరిగ్గా ఇంకో నుమాయిష్‌లో తేలతాడు, తేడా ఒక్కటే, పక్కన కొంగలుంటాయి. అదే నెల 29న తెల్లవారి 6 గంటల 23 నిమిషాలకు, మూలంలో ఇడ్లీకి కేటాయించిన వేళ, శ్రీహరికోట నుంచి నూరవ ప్రయోగంగా జీఎస్‌ఎల్‌వీ లేచింది. దేశంలో అన్నిటికన్నా పెద్ద చప్పుడు పెట్టుకున్నది ఈ నిశ్శబ్దమైన నీళ్ల ఒడ్డునే. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు మొక్కుకునే చెంగాళమ్మ గుడికి రాత్రింబవళ్లు తలుపులు మూయరు. ఆవిడకూ నిద్ర లేదన్నమాట.

శ్లేష. ఇంతవరకు రాసి కోడలికి చదివి వినిపించాను. ఆ పిల్ల డెంటిస్టు, వ్యాకరణంతో పనిలేదు. "మామయ్యా, మోగక ఉండనట్టి చోటు అంటే మోగకుండా ఉండని చోటని కదా?" అంది. కళ్లజోడు తీసి తుడుచుకుని చూశాను. "యుండన్ + అట్టి" అని విడదీస్తే ఫోను ఊరకుంటుంది. "యుండనట్టి" అని కలిపి చదివితే మోగి తీరుతుంది. ఏకైక ప్రతిలో రెండు పాఠాలు. ముప్పై ఏళ్లు సంధులు చెప్పినావిడ పొరపాటున రాసింది కాదు.

"అత్తయ్యగారికి సూళ్లూరుపేటలో ఎవరో ఉన్నారన్నారు?"

ఉన్నారు. ఆవిడ తమ్ముడు, రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. మేడ మీద గది ఖాళీ. పొద్దునే ఏ బండి దిగినా నాకు చెల్లెలి వరసైన ఆ ఇల్లాలు ఇడ్లీ పాత్ర దించి పెట్టే ఉంచుతుంది. అతనికి రోజుకు ఆరుసార్లు ఫోను చేసి "అక్కా, ఎప్పుడొస్తావ్?" అనడం అలవాటు. మూడేళ్లుగా అడుగుతున్నాడు. నేను వింటూనే ఉన్నాను, పూర్వపక్షాలు వెదుకుతూ.

ఏ పాఠం గ్రాహ్యమో కవయిత్రినే అడిగాను. "కామా పెట్టానేమో చూడండి" అని అటకమీది సూట్‌కేసు దించమంది. పెట్టలేదు.

తాత్పర్యం. ఓ నాంపల్లి ప్రభూ, మా తమ్ముడింటికి రెండు టికెట్లు తీయి. పండుగ అయిపోయాక.