తిరువాలంగాడు లోకల్లో పాటల పండితుడు కావడం ఎలా?

సినిమా పాటలు వినేవాళ్లు మా వైపు కొల్లలు. తీర్పు చెప్పేవాళ్లకే కరువు. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది గానీ, ఇళ్లలో తెలుగు మారలేదు. ఒక చెవిలో తెలుగు పాట, ఇంకో చెవిలో తమిళ పాట. ఇలాంటి చోట పండితుడు లేకపోతే ఎలా? అనుభవం మీద చెబుతున్నాను, రాసుకోండి.

1. ఇయర్‌ఫోన్లు కొనొద్దు. చెన్నైలో అరక్కోణం లోకల్ ఎక్కగానే ఫోను స్పీకరు పూర్తిగా పెంచండి. మీకు నచ్చిన పాట పెట్టె మొత్తానికీ నచ్చి తీరాలి. "కాస్త సౌండు తగ్గించన్నా" అన్నవాడు ఎలాగూ కడంబత్తూరులో దిగిపోతాడు.

2. పాట మొదలవగానే అది ఎవరిదో తేల్చండి. 'శంకరాభరణం' అచ్చంగా మనదని బల్ల గుద్దండి. సంగీతం చేసిన కె.వి. మహదేవన్ నాగర్‌కోయిల్ వైపు మనిషని ఎవరైనా అంటే, వెంటనే పి. సుశీల గారిని ముందుకు తెండి. మన విజయనగరం ఆడపడుచు ఒక తమిళ సినిమా పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్నారని మాత్రం నోరు జారొద్దు. ఇచ్చిపుచ్చుకోవడాలు సరిపోయాయని తెలిస్తే తగవు అక్కడే ఆగిపోతుంది.

3. పాట రాసిందెవరో తెలుసుకోవద్దు. 1992 నాటి 'రోజా' తెలుగులోకి వచ్చినప్పుడు పాటలు రాసింది రాజశ్రీ. తమిళానికి కదిలిన పెదవులకు, ముందే కట్టిన బాణీకి తెలుగు మాటలు అతకాలి, అతుకు కనబడకూడదు. అతుకు కనబడలేదు కాబట్టి ఆయనా కనబడనక్కర్లేదు. "రెహమాన్ పాట" అనండి, చాలు.

4. ఏ పాటా చివరిదాకా వినొద్దు. తిరుత్తణి కొండకు 365 మెట్లు. డిసెంబరు 31న భక్తులు మెట్టు మెట్టుకూ ఆగి, పూజ చేసి, పాట పాడి ఎక్కుతారు. అంత తీరిక మీకెక్కడిది? పల్లవి అయీ కాకముందే తర్వాతి పాటకు దూకండి. చరణాలు ఖాళీగా ఉన్నవాళ్ల కోసం.

5. పాటల స్వర్ణయుగం సరిగ్గా మీకు ఇరవై ఏళ్లు నిండిన రోజున ముగిసిందని ప్రకటించండి. ఈ మాట మా తిరువాలంగాడు వడారణ్యేశ్వర స్వామి గుడి దగ్గర మాత్రం అనొద్దు. నటరాజు అయిదు సభల్లో రత్నసభ అది. కాళితో పోటీపడి స్వామి కాలు పైకెత్తి ఆడిన చోటు. ఆ ఆట మీద కారైక్కాల్ అమ్మయార్ కట్టిన పాటలకు పధ్నాలుగు వందల ఏళ్లు పైబడ్డాయి. ఇంకా పాడుతున్నారు. అక్కడ నిలబడి 1983 పాతపాటల కాలం అన్నాను. పూలమ్మే అవ్వ నవ్వింది.

6. పాత క్యాసెట్లు పాత సామాన్లవాడికి ఇచ్చేయండి. మా నాన్న రికార్డింగ్ సెంటరుకు జాబితా రాసిచ్చి, అరవై నిమిషాల క్యాసెట్లో పాటలు ఎక్కించుకునేవాడు. రెండో వైపు చివరి పాట చరణం మధ్యలో టక్కుమని తెగేది. ఇప్పుడా పాట పూర్తిగా ఫోనులో ఉంది. అయినా ఆ చోటుకు రాగానే టక్కుమనే చప్పుడు కోసం చెవి ఎదురుచూస్తుంది. అట్ట మీది నాన్న చేతిరాత ఏ యాప్‌లోనూ దొరకలేదు. అటక మాత్రం శుభ్రంగా ఉంది.

7. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఎవరివాడో తేల్చి పాండిత్యం ముగించండి. 1946లో ఆయన పుట్టింది పళ్లిపట్టు దగ్గరి కోనేటంపేటలో. 2020 సెప్టెంబరులో ఆయన్ను ఖననం చేసింది తామరైపాక్కంలో. రెండూ నేటి తిరువళ్లూరు జిల్లాలోనివే. అంటే మావాడని రుజువైనట్టే.

ఈ ఏడో సూత్రాన్ని మొన్న లోకల్లోనే పరీక్షించాను. ఎదుటి సీటులో ఒక తమిళ పెద్దాయన. ఆయన్ను ఓడిద్దామని 'సాగరసంగమం' పాట పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని అదే బాణీని దాని తమిళ రూపం 'సలంగై ఒలి' మాటలతో అందుకున్నాడు. నేను తెలుగులో కలిపాను. రెండు భాషల్లోనూ పాడింది బాలూయే కదా, ఎక్కడా శ్రుతి తప్పలేదు. చరణం అయ్యాక కిటికీలోంచి చూస్తే మోసూరు వచ్చేసింది.

నేను దిగాల్సింది అంతకు ముందు స్టేషనులో.