టు లెట్: ఏనుగులకు మాత్రమే

ఈ వారం నా ఫోనుకు ఒకే ముక్క పదకొండు సార్లు వచ్చింది. ‘కొత్త బాడిగ నిబంధనలు 2025’. మీకూ వచ్చే ఉంటుంది, కొత్తగా చెప్పేదేముంది! రెండు నెలల బాడిగకు మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదు. ఒప్పందం 60 రోజుల్లో రిజిస్టరు చేయకపోతే 5,000 జుల్మానా. ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. తగువొస్తే 60 రోజుల్లో తీర్పు. కింద దండం పెట్టే చేతులు రెండు, మూడు రంగుల జెండా ఒకటి. పేపర్లవాళ్ళూ అదే వేశారు, చేతుల బొమ్మ మాత్రం తీసేశారు.

దాన్ని పట్టుకుపోయి మా మామకు చూపించడం నాదే తప్పు. మామకు తమిళనాడులో, హోసూరు దిక్కున ఉన్న మా ఊరు అత్తిముగంలో నాలుగు రేకుల రూములున్నాయి. అవి కట్టడానికి చేసిన అప్పు ఐదో రూము. అందులో మామే కాపురం. కళ్ళజోడు తుడుచుకుని రెండు సార్లు చదివాడు.

“అరవై దినాలా? మూడో రూమోడు ఉగాదికి పోతానని చెప్పినాడు అల్లుడా. ఏ ఉగాదికో చెప్పలా.”

మరునాడు పొద్దునకి గేటుకు అట్టముక్క వేలాడుతోంది. ‘ఫ్యామిలీకి మాత్రమే, శాకాహారులకు మాత్రమే, బ్యాచిలర్లు అడగవద్దు’ అన్న పాత రాత మీద సున్నం పూసి, కొత్త రాత రాశాడు: ‘టు లెట్. ఏనుగులకు మాత్రమే.’

ఎండ దెబ్బ అనుకున్నాను. మామ నన్ను కూర్చోబెట్టి చెప్పుకొచ్చాడు. “నేను మార్చిందేముండాది? ఏనుగులు ఫ్యామిలీగానే వస్తాయి. తాత ముత్తాతల నాటినుంచి శాకాహారులే. ఇంటికి పెద్దామె ఉంటాది, ఆమె చెప్పినట్ల అందురూ నడుచుకుంటారు. మగపిల్లోడు వయసుకొస్తే మందలోనుంచి ఎలబారి ఒంటిగా తిరుగుతాడు. అదే బ్యాచిలర్. అట్లాంటోనికి నేను ఇయ్యను.”

శాకాహారులకే ఇల్లు అన్న మామ ఆదివారం ఆదివారం కోడి కోస్తాడన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం. ఇల్లు ఇచ్చేవాడి కడుపుకు నిబంధనలు ఉండవు.

సాయంత్రానికల్లా ఈ ఆలోచన నాకు ముందే ఎందుకు తట్టలేదా అని సిగ్గేసింది. మా ఊరికి ఇది కొత్త కాదు కదా! అత్తి అంటే హస్తి, ముగం అంటే మొగం. ఊరి పేరే ఏనుగు మొగం. ఐరావతం ఇక్కడికి వచ్చి శివుణ్ణి కొలిచిందని స్థలపురాణం. అంటే మా ఊరికి మొదటి బాడిగదారు ఐరావతమే. పైసా అడ్వాన్సు లేకుండా దిగి, పోయేటప్పుడు ఊరును తన పేరు మీద రాయించుకుపోయింది. గుళ్ళో సామి పేరు ఐరావతేశ్వరుడు. ఇంటి ఓనరును ఈనాటికీ బాడిగదారు పేరుతోనే పిలుస్తున్నాం. 1953లో బాడిగకిచ్చిన ఒక అంగడి తగువులో, బాడిగకు దిగినవాడు ఆ ఓనరు హక్కునే కాదంటే చెల్లదని సుప్రీంకోర్టు ఈమధ్య చెప్పింది. మా ఊరి కేసు అందాకా పోలేదు కాబట్టి బతికిపోయాం.

ఇప్పుడు వివరాల్లోకి వద్దాం. బాడిగకు ఇచ్చేముందు పోలీసు వెరిఫికేషన్ అంటారు, ఆధార్ జిరాక్సు అంటారు. మామ డబ్బాలో ఇరవైరెండు జిరాక్సులున్నాయి, అన్నింట్లో మొగాలు నల్లగా ఒకే తీరు. వాటిలో ఎవరు ఎవరో వాళ్ళమ్మలు కూడా పోల్చలేరు. ఏనుగుల సంగతి అట్లా కాదు. బన్నేరుగట్టలో బయలుదేరి జవలగిరి దాటి, తళి మీదుగా సానమావు అడవికి దిగేలోపు ప్రతి అడుగూ అటవీశాఖకు లెక్కే. ఎన్ని వచ్చాయి, పిల్లలెన్ని, ఏ చెరువులో దిగాయి, మరునాడు పేపర్లో చూసుకోవచ్చు. మామ రూములో ఇద్దరని చెప్పి దిగినవాళ్ళు ఎంతమందో మామకే తెలియదు. పగటి షిఫ్టువాళ్ళు లేస్తే రాత్రి షిఫ్టువాళ్ళు పడుకుంటారు. చాప చల్లారదు.

ఒప్పందం మాటకొస్తే మరీ సులువు. మన దేశంలో బాడిగ పత్రం ఎప్పుడూ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో తెలుసు కదా. ఏడాది దాటితే రిజిస్టరు చేయాలని 1908 నాటి చట్టం. అందుకని నూరేళ్ళకు పైగా జనమంతా ఏడాదికి పదకొండు నెలలే అన్నట్టు కాపురాలు చేస్తున్నారు. ఏనుగుకు ఆ తిప్పలూ లేవు. రాగి వెన్ను పట్టేవేళకు వస్తుంది, కోతలయ్యి చేను బోసిపోతే తన దారి తాను చూసుకుంటుంది. పదకొండు నెలలు దాటే ప్రసక్తే లేదు, స్టాంపు పేపరు మిగులు. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలన్న నిబంధన మాత్రం అక్షరాలా అమలవుతుంది. ఏనుగున్న చోటికి ఏ ఓనరూ చెప్పకుండా పోడు. చెప్పి కూడా పోడు.

నీళ్ళ తగువు ఉంటుందే అన్నాను. ఏనుగు దినానికి నూరు లీటర్లకు పైనే తాగుతుంది, నూటయాభై కిలోల దాకా మేస్తుంది. మామ నవ్వాడు. “రెండో రూములో బట్టల మిషను పెట్టినారు పో. దానికంటే ఏనుగే మేలు.” పైగా ఏనుగు కరెంటు అడగదు. ఈ ముక్క అంటున్నప్పుడు మామ గొంతు కొంచెం తగ్గింది. ఎందుకంటే తమిళనాడులో ఇంటి మీటరుకు రెండు నెలలకు మొదటి కొన్ని యూనిట్లు ఉచితం. ఆ ఉచితం మామ మీటరు దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడినుంచి రూములకు చిన్న మీటర్లు, యూనిట్‌కు పది రూపాయలు. సర్కారు దానం, మామ ధర్మం.

బాడిగ పెంచడమనే నరకం కూడా తప్పుతుంది. ఏటా చిత్తిరి నెలకు ముందు మామ అద్దం ముందు నిలబడి సాధన చేస్తాడు. ధరలు మండిపోతున్నాయనీ, ఇంటి పన్ను పెరిగిందనీ, అత్తకు మోకాళ్ళ నొప్పులనీ ఒక వరుసలో చెప్పాలి. చెప్పేలోపు అవతలివాడు, పైపు కారుతోందని మొదలుపెడతాడు. ఐదువందలు పెంచబోయిన మామ ప్లంబరుకు ఎనిమిదివందలు ఇచ్చి వస్తాడు. ఏనుగు బాడిగే ఇవ్వదు. ఇవ్వనిదాన్ని పెంచే పనేముంది? పైగా ఏనుగు చేను తొక్కితే, గోడ పడదోస్తే అర్జీ పెట్టుకోవచ్చు. గ్రామాధికారి వస్తాడు, ఫారెస్టువాళ్ళు వస్తారు, కొలత పెట్టి రాసుకుంటారు, ఫోటో తీస్తారు. ఆలస్యమో తక్కువో, సర్కారు పరిహారమని ఒకటుంటుంది. మనిషి కాలితో తన్ని తలుపు విరగ్గొడితే ఏ శాఖకు అర్జీ పెట్టాలి? 1972 నాటి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఏనుగుంది, 2010లో జాతీయ వారసత్వ జంతువు కూడా అయింది. బాడిగదారు ఏ షెడ్యూలులోనూ లేడు. ఆ మాటకొస్తే నాలుగు రూముల ఓనరూ లేడు. అంతరించిపోతున్న జాతి కాదు కదా, పెరిగిపోతున్న జాతి.

ఇక అసలు ఘట్టం, ఖాళీ చేయించడం. మనిషిని ఖాళీ చేయించాలంటే నోటీసు, వకీలు, వాయిదా, వకీలుకు జ్వరం, మళ్ళీ వాయిదా. ఏనుగును ఖాళీ చేయించాలంటే సర్కారే దిగివస్తుంది. సాయంత్రానికి జీపులు, సెర్చిలైట్లు, పటాకులు. మా దిక్కు పటాకుల అంగళ్ళకేమి కొదవ! తెల్లవారేసరికి చేను ఖాళీ. వకీలు ఫీజు లేదు. కర్ణాటక తరిమితే మన చేనికి, మనం తరిమితే వాళ్ళ చేనికి. రెండు రాష్ట్రాలు ఇంత అన్యోన్యంగా నడిపే కార్యక్రమం ఇంకోటి ఉంటే చెప్పండి. కావేరి నీళ్ళలో కూడా ఇంత ఇచ్చిపుచ్చుకోవడం లేదు.

ఏనుగు మళ్ళీ మరుసటి ఏటికి వస్తుంది. “పాత బాడిగదారే కదా, అడ్వాన్సు అడగను” అన్నాడు మామ.

ఇంతవరకు బాగానే నవ్వుకున్నాం. ఆ పదకొండు సార్లు వచ్చిన ముక్క సంగతి మాత్రం తేల్చాలి.

అందులో చాలామట్టుకు కొత్త కాదు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఒప్పుకున్న నమూనా చట్టంలోనిదే. నమూనా అంటే దర్జీ అంగట్లో బొమ్మకు తొడిగిన చొక్కా. రాష్ట్రం కొలత తీసుకుని కుట్టించుకుంటేనే ఒంటికి వస్తుంది. తమిళనాడు తన చొక్కా 2017లోనే కుట్టుకుంది, 2019 ఫిబ్రవరి 22 నుంచి తొడుక్కుంది. అందులో అడ్వాన్సు రెండు కాదు, మూడు నెలలు. ఆ చొక్కా కూడా పట్టణాలకే. హోసూరు 2019లో కార్పొరేషన్ అయింది కాబట్టి దానికి సరిపోతుంది. అత్తిముగం పంచాయతీ. మాకు బాడిగ అధికారి లేడు, బాడిగ కోర్టు లేదు, 60 రోజులు లేవు. మాకున్నది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెల బాడిగకు పదిహేను రోజుల నోటీసు. విక్టోరియా రాణి మా మామ రూములను ఇంకా చూసుకుంటోంది.

పట్టణం ఎక్కడ ఆగుతుందో కాగితం మీద గీత గీసినవాళ్ళు, ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో చూసినప్పుడు ఆ గీతను చూడలేదు. 1971లో పుట్టిన సర్కారు పరిశ్రమల సంస్థ సిప్‌కాట్ మా దిక్కున హోసూరులో మొదలై, ఇప్పుడు శూలగిరి దాకా పాకింది. భూమి అంగుళాలతో కొలిచారు. కరెంటు ఇంత, నీళ్ళు ఇన్ని, రాయితీ ఇన్నేళ్ళు అని రాసుకున్నారు. ఆ గేటులోంచి షిఫ్టుకు వచ్చే మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది ఏ ఫైలులో ఉంది? పర్మనెంటు వాళ్ళలో కొందరికి హాస్టళ్ళు కట్టారు, సరే. కాంట్రాక్టు పిల్లలకో? వాళ్ళకు మా మామ ఉన్నాడు. కంపెనీ కట్టాల్సిన ఇల్లు మా మామ అప్పు చేసి రేకులతో కట్టాడు. నడివేసవిలో ఆ రేకుల కింద పగటిపూట నిద్రపోయి చూడండి, తరువాత నిబంధనలు పంపండి.

మామ ఏనుగుల కథ ఎందుకు మొదలుపెట్టాడో నాకు తెలుసు. పోయిన నెల నాలుగో రూము పిల్లలు ముగ్గురు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు, బాడిగ కట్టలేదు. వాళ్ళకు కాంట్రాక్టరు రెండు నెలలుగా జీతమివ్వలేదు. బ్యాంకు మామకు వాయిదా ఇవ్వలేదు. మామ మూడు దినాలు అరిచాడు. నాలుగో దినం సాయంత్రం ఫ్యూజు పీకాడు. నీళ్ళూ కరెంటూ ఆపి ఖాళీ చేయించకూడదని ఆ పట్టణాల చట్టంలోనే రాసుంది. పట్టణంలో చేస్తే తప్పు, మా ఊళ్ళో చేస్తే మామ. రాత్రి ఎనిమిదింటికి మూడు రేకుపెట్టెలు వీధిలో ఉన్నాయి. నేనూ అక్కడే ఉన్నాను. మామను ఏమీ అనలేదు. ఆయన అప్పు నాకు తెలుసు, దానికి హామీ సంతకం నాదే. కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు. కంపెనీ గేటు దగ్గర అడిగితే వాళ్ళు మా మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులన్నారు. మామ పీకాల్సిన ఫ్యూజు అది కాదు. పీకాల్సిన ఫ్యూజు దగ్గరికి వాచ్‌మెన్ పోనివ్వడు.

ఏనుగుల మంద ఆకలితో చేనిలో పడితే అది పొట్టకోసం వచ్చిందని రాస్తారు, దాని దారి మనమే మూసేశామని రాస్తారు. నిజమే, రాయాలి. ఆ ముగ్గురు కూడా పొట్టకోసమే వచ్చారు.

వాళ్ళు పెట్టెలు మోసుకుని బస్‌స్టాపుకు పోయారు. ఆ రాత్రి సానమావు దిక్కునుంచి మంద కదిలిందని ఊళ్ళో ఆటోకు మైకు కట్టి చాటారు. ఎవరూ ఇల్లు విడిచి బయటికి రావద్దు, తలుపులు వేసుకుని లోపలే ఉండండి అని ముందు తమిళంలో, తరువాత తెలుగులో చెప్పుకుంటూ ఆటో వాళ్ళ పక్కగానే పోయింది. ముగ్గురికీ ఆ రెండు భాషలూ రావు. దారి ఇవ్వడానికి పెట్టెలు కొంచెం వెనక్కి జరుపుకున్నారు.