డీప్ ఫ్రీజరూ, నీకు జేజేలు

డీప్ ఫ్రీజరూ, నిన్ను పొగడాలని కూర్చున్నాను. లేనివి కల్పించి చెప్పను. నీలో ఉన్న గుణాలే చెబుతాను, అవే చాలు.

అన్నిటికన్నా ముందు నీ సత్యసంధత చెప్పాలి. సున్నాకు కింద 18 డిగ్రీల దగ్గర సరుకు నిలబెడతానని మాటిచ్చావు, నిలబెడుతున్నావు. అంతకుమించి నువ్వేమీ అనలేదు. డబ్బు మిగులుతుందన్న మాట మాది. వంటింట్లో ఫ్రిజ్ ఉంది, దానికి పైన ఫ్రీజరు అర ఉంది. అయినా నిన్ను తెచ్చి మెట్ల కింద పెట్టుకుంటూ "టోకున కొని పడేస్తే దీని ఖరీదు ఏడాదిలో దీనికే వచ్చేస్తుంది" అని ఆలుమగలం ఒకరికొకరం చెప్పుకున్నాం. షాపు కుర్రాడు అవునన్నాడు. ఆ మాటకు నువ్వు పూచీ పడలేదు.

నీ దీక్ష ఇంకా గొప్పది. ఏసీ కాసేపు ఆపుతాం, మోటారు ట్యాంకు నిండగానే ఆపుతాం, టీవీ చూసేవాళ్లు లేకపోతే ఆపుతాం. నిన్ను ఆపడమంటూ లేదు. ఊరెళ్లేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసుకునే అలవాటు నువ్వొచ్చాక పోయింది. కార్తీకమాసం నెల్లాళ్లూ ఇంట్లో ఎవరూ నీచు ముట్టరు. చాలా ఇళ్లలో శ్రావణమాసమూ అంతే. శనివారాలు సరేసరి. ఆ రోజుల్లో నీలో ఉన్న మటన్ వైపు కన్నెత్తి చూసేవాళ్లుండరు. నువ్వు మాత్రం దాన్ని అంతే శ్రద్ధగా కాస్తూ ఉంటావు. ఇంట్లోవాళ్లు నిష్ఠగా ఉన్న నెలలో కూడా నీ కరెంటు ఒక్క యూనిట్ తగ్గదు.

ఆ యూనిట్ల సంగతి వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే నీ ప్రతాపమంతా అక్కడే ఉంది. 200 లీటర్ల పెట్టె రోజుకు ఒకటిన్నర యూనిట్ తింటుందనుకుందాం. నెలకు 45. "యూనిట్ సగటున నాలుగైదు రూపాయలు కదా, ఎంతవుతుందిలే" అని లెక్క వేసేవాళ్లు ఒక విషయం మరిచిపోతారు. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, మోటారు ముందే కింది శ్లాబులన్నీ నింపేసి ఉంటాయి. ఆలస్యంగా వచ్చిన నీ 45 యూనిట్లు వాటి నెత్తిన ఎక్కుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. నువ్వు రాకముందే 230 యూనిట్లు కాల్చే ఇంట్లో నీ యూనిట్లు ఒక్కొక్కటీ 8.75 చొప్పునే పడతాయి. నెలకు 394 రూపాయలు, ఏడాదికి 4,725. సుంకాలు, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం.

తెలంగాణలో నీ మహిమ మరీ ఎక్కువ. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే రేషన్ కార్డు ఇంటికి 2024 నుంచి సున్నా బిల్లు వస్తోంది. నెలకు 180 యూనిట్లతో సుఖంగా ఉన్న ఇల్లొకటి అనుకోండి. నీ 45 కలిస్తే 225. అప్పుడు కట్టాల్సింది పైన ఉన్న పాతికకే కాదు, మొత్తం 225 యూనిట్లకూ. సున్నా ఉన్నచోట వెయ్యి దాటిన బిల్లు వస్తుంది. మిక్సీకి, ఇస్త్రీ పెట్టెకు ఇంత శక్తి లేదు. నువ్వొక్కదానివే మూలన కూర్చుని ఆ ఇంటిని ఒక పథకం లోపలి నుంచి బయటికి తేగలవు.

ఇక నీ ఖరీదు. 20 వేలకు కొని, పదేళ్లు ఢోకా లేకుండా నడిచావనుకుంటే ఏడాదికి 2 వేలు. స్టెబిలైజరు, గ్యాసు, రిపేర్లకు తక్కువలో తక్కువ ఏడాదికి ఆరువందలు వేద్దాం. కరెంటుతో కలిపితే రమారమి 7,300. అంటే రోజుకు 20 రూపాయలు. ఆ 20 వేలు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ నేను కలపలేదు.

రోజుకు 20 రూపాయలేనా అని తీసిపారెయ్యడానికి లేదు. ముందు ఆ 20 మిగిలితే గదా, తర్వాత లాభం మొదలయ్యేది. టోకున చికెన్ తెస్తే కిలోకు 20 రూపాయలు కలిసొస్తాయనుకుందాం. నీ ఖర్చు పూడాలంటే ఏడాదికి 365 కిలోలు తేవాలి. దినానికొక కిలో. నలుగురున్న ఇంట్లో, కార్తీకమాసం మినహాయించుకుని! పచ్చిబఠాణీ సంగతి చూద్దాం. సంక్రాంతి రోజుల్లో కాయ చవకగా దొరుకుతుంది. ఒలిచి దాచుకుంటే, ఎండాకాలంలో ప్యాకెట్ కొనేదానికన్నా గింజల కిలోకు 70 రూపాయలు మిగిలాయనుకుందాం. ఇది నిజంగా మంచి లాభమే, కాదనను. కానీ నీ ఏడాది ఖర్చు రాబట్టడానికి వంద కిలోల పైచిలుకు గింజలు కావాలి. ఒలిచేదెవరు? పులావులోనూ కూర్మాలోనూ ఎంత ధారాళంగా వేసినా ఏ ఇంట్లోనైనా ఏడాదికి పది కిలోలు చెల్లుతాయా?

నీ ఔదార్యం గురించి చెప్పకపోతే పాపం. ఏది పెట్టినా కాదనవు. పెళ్లిలో మిగిలిన స్వీట్లు, చవకగా వచ్చాయని తెచ్చిన రొయ్యలు, రసాల గుజ్జు, చింతచిగురు, కొబ్బరి తురుము, మొన్నటి పులుసు, అన్నిటికీ నీలో చోటుంది. నిండా చోటున్న పెట్టె ఇంట్లో ఉంటే బజారుకు వెళ్లిన చెయ్యి ఊరుకోదు. అరకిలో చాలు అనుకున్నది రెండు కిలోలవుతుంది. ఇంట్లో ఉంది కదా అని బుధవారం కూడా మాంసం వండుతారు. కిలోకు 20 మిగిల్చి, నెలకు రెండు కిలోలు ఎక్కువ తినిపించే నేర్పు నీది. ఆ రెండు కిలోల ఖర్చు ఏ బిల్లులోనూ నీ పేరున పడదు.

నీ మూత ఎత్తి అడుగున చూసినవాళ్లకు తెలుస్తుంది నీ లోతు. పైవరస కిందటి వారానిది. దాని కింద మంచు కట్టి ఒకదానికొకటి అంటుకుపోయిన నల్ల పాలిథీన్ కవర్లుంటాయి. అట్లకాడ మొనతో పొడిచి ఒకటి ఊడబెరికితే, రాయిలాంటి ముద్ద చేతికొస్తుంది. మంచు గీకితే లోపల ముదురు గోధుమరంగు. అది ఖీమానా, కాలేయమా, నిరుడు దాచిన మామిడి తాండ్రా? పేరు లేదు, తేదీ లేదు. వాసన చూద్దామంటే గడ్డకట్టిన దానికి వాసన రాదు. కరగబెడితే మళ్లీ లోపల పెట్టడానికి మనసొప్పదు. చివరికి ఇంటావిడ ఒక నిర్ణయానికొస్తుంది, చెత్తబండి వచ్చే వేళకు అది బయటికి పోతుంది. అది కొన్న ధర, ఇన్ని నెలలు దాచిన కరెంటు, రెండూ దానితోనే పోతాయి. నువ్వు మాత్రం అప్పగించిన సరుకును చివరి నిమిషం దాకా చెడిపోనివ్వలేదు. ఆ కీర్తి నీదే.

చెడిపోనివ్వకపోవడంలో నిన్ను మించినవాళ్లు లేరు. సున్నాకు కింద 18 దగ్గర సూక్ష్మజీవులు పెరగవు, నిజం. రుచి మాత్రం అంతకాలం ఆగదు. చికెన్ ముక్కలకు తొమ్మిది నెలలు, ఖీమాకు మూడు నాలుగు నెలలు, కొవ్వున్న చేపకు రెండు మూడు నెలలు అని అమెరికా ఆహార శాఖల పట్టికలు చెబుతాయి. మన గోదావరి పులస కొవ్వున్న చేపే, దాని రుచంతా ఆ నూనెలోనే ఉంది. వరదనీరు ఎక్కే ఆగస్టులో వేలు పోసి కొని, సంక్రాంతికి కొడుకొస్తాడని నీలో దాచే తల్లులున్నారు. ఆగస్టు నుంచి జనవరికి ఐదు నెలలు. గడ్డకట్టినా ఆ నూనెకు గాలి తగులుతూనే ఉంటుంది, మెల్లగా చేదెక్కుతుంది. పిల్లాడు పులుసు తిని బాగుందనే అంటాడు, అమ్మ మనసు నొచ్చుకుంటుందని. అంత ప్రేమగా దాచిన చేప, నువ్వు అంత నమ్మకంగా కాసిన చేప, చివరికి అమ్మ వండాలనుకున్న చేప కాకుండా పోయింది. ఇది రాస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంది.

నీ నెమ్మది కూడా మెచ్చదగ్గదే. తొందరపడవు. ఆదివారం ఐదు కిలోల మటన్ ఒక్కసారి నీలో పడేస్తే అది గడ్డకట్టడానికి గంటలకు గంటలు తీసుకుంటావు. అలా మెల్లగా గడ్డకడితే లోపలి నీరు పెద్ద పెద్ద పలుకులై కండను చీలుస్తుంది. కరిగాక ఎర్రటి రసం గిన్నెలోకి కారిపోయి, ముక్క పీచుపీచుగా మిగిలేది అందుకే. లాబ్రడార్ చలిలో ఇన్యూట్ జాలర్లు పట్టిన చేప క్షణాల్లో గడ్డకట్టడం చూసి క్లారెన్స్ బర్డ్స్‌ఐ పట్టుకున్న కిటుకు ఇదే: ఎంత వేగంగా గడ్డకడితే రుచి అంత నిలుస్తుంది. 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయన సరుకు అంగళ్లకెక్కింది. ఆ వేగం ఫ్యాక్టరీ యంత్రాలకుంది. మెట్ల కింద పెట్టెకు లేదు.

కరెంటు పోయినప్పుడు నీ సమదృష్టి చూడాలి. మూత తీయకుండా ఉంటే నిండుగా ఉన్న నువ్వు సుమారు 48 గంటలు, సగం నిండిన నువ్వు 24 గంటలు చలి నిలుపుతావు. తుపాను వెళ్లాక కోస్తా ఊళ్లలో నాలుగైదు రోజులు కరెంటు రాకపోవడం కొత్తేం కాదు. ఇంటి ఇన్వర్టరుకు మామూలుగా నిన్ను తగిలించరు. అప్పుడు ఖరీదైన రొయ్యలనీ, చవక బఠాణీలనీ తేడా చూపవు. అన్నిటినీ ఒకేలా వదిలేస్తావు.

నీ మేలు నిజంగా పొందేవాళ్లూ ఉన్నారు. తోట ఉండి రాలిన కాయను గుజ్జు చేసి దాచుకునే రైతు, చెరువు పట్టుబడి రోజున రొయ్యలు ఇంటికి తెచ్చుకునే కుటుంబం, ఇడ్లీ పిండో చపాతీలో చేసి అమ్ముకునే మహిళ. వీళ్లకు సరుకు దాదాపు ఊరికే వస్తుంది, లేకపోతే నువ్వే వాళ్ల వ్యాపారం. అమెరికాలో గ్యారేజీల్లో నిన్ను పెట్టుకున్న మనవాళ్ల లెక్క కూడా వేరే. మేకమాంసం కోసం గంటసేపు కారు నడపాల్సిన ఊళ్లో, కరివేపాకు దొరికిందే పదివేలన్న చోట, మిగిలే పెట్రోలూ సమయమూ లెక్కకొస్తాయి. కరెంటు పోతుందన్న భయం మాత్రం అక్కడా తప్పదు: 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది.

ఇంట్లో పెద్దావిడ నీచు తినదు, వంటింటి ఫ్రిజ్‌లో మాంసం పెట్టనివ్వదు, అందుకని నిన్ను విడిగా తెచ్చుకున్నామనేవాళ్లున్నారు. అది గౌరవించదగ్గ కారణం. రోజుకు 20 రూపాయలతో ఇంట్లో గొడవ లేకుండా పోతే కొనుక్కోవచ్చు. దాన్ని పొదుపు అనకుండా ఉంటే చాలు. మన ఊళ్లలో ఆదివారం పొద్దున్నే కళ్లముందు కొట్టించిన మాంసం వీధి చివర దొరుకుతుంది. రైతుబజారు ఉంది. ఎండలో పెట్టిన ఒరుగులు, వడియాలు, ఎండుచేపలు ఏడాది పొడుగునా డబ్బాలో ఉంటాయి, ఒక్క యూనిట్ అడగవు. ఇన్ని ఉన్నచోట సాధారణ కుటుంబానికి నువ్వు చేసే మేలు, డిస్కమ్‌కు చేసే మేలుకన్నా ఎప్పుడూ తక్కువే.

కొనాలనుకుంటున్నవాళ్లకు నా విన్నపం. ముందు ఇంట్లో ఉన్న ఫ్రిజ్ పైఅర ఖాళీ చేసి, మంచు గీకి, అది నిండి సరిపోని వారాలు ఎన్ని వస్తాయో ఒక రెండు నెలలు చూడండి. కిందటి ఏప్రిల్, మే కరెంటు బిల్లులు తీసి మీ ఇల్లు ఏ శ్లాబులో ఉందో చూడండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఈ ఆదివారం అడుగుదాకా ఖాళీ చేసి, ఉన్నవాటి మీద పేరు, తేదీ రాయండి. తీసినవన్నీ ఫ్రిజ్ పైఅరలో పట్టేస్తే ఫ్రీజరు స్విచ్ ఆపేసి, పిండి అమ్ముకునే ఆవిడ ఎవరైనా మీ వీధిలో ఉంటే వచ్చిన ధరకు ఇచ్చేయండి.