ప్రిపొజిషన్‌కి పట్టిన శని

ఇంగ్లీషు వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండకూడదని బడిలో చెబితే, అదేదో ఆ భాషతో పాటే పుట్టిన శాసనమనుకుంటాం. దాని జాతకం అంత పాతదేమీ కాదు. 1672లో జాన్ డ్రైడన్ అనే కవి బెన్ జాన్సన్ నాటకంలో తప్పులు వెదుకుతూ, చివర ప్రిపొజిషన్ వేలాడుతున్న వాక్యాన్ని పట్టుకున్నాడు. ఎదురు చెప్పడానికి జాన్సన్ లేడు. పోయి అప్పటికే 35 ఏళ్లు. ఎందుకు తప్పో డ్రైడన్ చెప్పనూ లేదు. పైగా తన రాతల్లోనూ అదే దోషం కనబడిందని ఒప్పుకుని, 1668 నాటి తన వ్యాసాన్ని 1684లో మళ్లీ అచ్చువేయించినప్పుడు ప్రిపొజిషన్లను పనిగట్టుకుని ముందుకు జరిపాడు. తన ఇంగ్లీషు మీద అనుమానం వస్తే దాన్ని లాటిన్‌లోకి మార్చి చూసుకునేవాణ్నని కూడా ఆయనే రాశాడు. లాటిన్‌లో ప్రిపొజిషన్‌ని అలా వెనక వదిలేయడం కుదరదు కాబట్టి, దిష్టంతా అక్కడి నుంచే తగిలిందని నా అనుమానం.

1762లో రాబర్ట్ లౌత్ వ్యాకరణం రాశాడు. ఇంగ్లీషుకి ఈ అలవాటు మహా ఇష్టమని, మామూలు రాతకి నప్పుతుందని, గంభీరమైన రచనలో మాత్రం తప్పిస్తే మేలని ఆయన సలహా. ఇంగ్లీషుకి ఇది ఇష్టమన్న ముక్కనీ చివర ప్రిపొజిషన్ పెట్టే ముగించాడు! చమత్కారమో, అలవాటో ఆయనకే తెలియాలి. 1795లో లిండ్లీ మర్రే ఆ ముక్కని తన పుస్తకంలోకి ఎత్తుకుని, చివరనున్న ప్రిపొజిషన్‌ని బుద్ధిగా ముందుకు తెచ్చాడు. సలహా చట్టమయ్యేది ఇలాంటి చేతుల్లోనే.

నియమాలు వదిలేస్తే భాష భ్రష్టు పట్టదా అంటారు. అసలు నియమాలకు బెత్తం అక్కర్లేదు. ఆర్టికల్‌ని నామవాచకం తర్వాత పెట్టే ఇంగ్లీషు పిల్లవాడు ఎక్కడా లేడు. వాడికది ఎవరూ నేర్పలేదు. మూడు శతాబ్దాలు తిట్టినా రచయితల దగ్గర్నుంచి పాలమ్మేవాడి దాకా అందరూ తప్పుతూనే ఉన్నారంటే, నేరం జనానిది కాదు, నియమానిది. మన తెలుగులో వాడుకభాష కోసం పోరాడుతూ గ్రాంథికవాదుల రాతల్లోని తప్పుల్నే ఏరి చూపించిన గిడుగు రామమూర్తిగారికి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

మరి మార్కులో? ఆ మాట న్యాయమే. పెళ్లికి పట్టుపంచె కట్టుకోవడం మర్యాద. అలాగని ఇంట్లో లుంగీ కట్టినవాణ్ని దోషి అనం. ఇంగ్లీషు వాడుక మీద నిఘంటువు రాసిన ఫౌలర్ 1926లోనే ఈ నియమాన్ని మూఢనమ్మకమని తేల్చేశాడు. అయినా మీ పై అధికారి ఎర్రసిరా పట్టుకుని కూర్చునే రకమైతే ముందుకు జరిపేయండి. ఇంక్రిమెంటు మీద సంతకం పెట్టేది ఆయన, ఫౌలర్ కాదు.