పలచన చేస్తే పవిత్రం!

తెలుగు సినిమా కామెడీకి ఎర్రగడ్డ ఒక రెడీమేడ్ పంచ్. ఎవడైనా తలాతోకా లేకుండా మాట్లాడితే చాలు, ఫిల్మ్‌నగర్ రచయిత వాణ్ని అక్కడి మానసిక వైద్యశాలకు పంపించేస్తాడు. పాపం, అక్కడ చికిత్స పొందేవాళ్ళు ఎవరికీ ఏ అపకారమూ చేయలేదు. నిజంగా తలాతోకా లేని వాదన కావాలంటే ఎర్రగడ్డ మీదుగా పోయే బాంబే హైవే పట్టుకుని పటాన్‌చెరు వెళ్ళాలి.

అక్కడి ఫ్యాక్టరీల మురుగు ఒకప్పుడు నక్కవాగులో పడి మంజీరా నదికి చేరేది. చెరువులూ బోర్లూ పాడైన ఊళ్ళ గోడు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. ఏళ్ళ తరబడి వాదనలు సాగాక తేలిన పరిష్కారం 18 కిలోమీటర్ల పైపు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిని హైదరాబాద్ నగరపు మురుగులో కలపడం, రెంటినీ అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అక్కణ్ణుంచి మూసీ నదికి సాగనంపడం. పులుసులో ఉప్పెక్కువైతే బిందెడు నీళ్ళు పోసినట్టు. ఉప్పు రవ్వంతైనా తగ్గదు, తినేవాళ్ళే పెరుగుతారు.

అంబర్‌పేట కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. చిన్నదేం కాదు. కానీ అది నడిచేది సూక్ష్మజీవులతో. అవి మలినాన్ని ఆరగిస్తాయి గానీ సీసాన్నీ కాడ్మియాన్నీ అరిగించుకోలేవు. లోహం మూలకం, దానికి కుళ్ళడం తెలియదు. కొంత బురదలోకి దిగుతుంది, మిగిలింది నీటితో పోతుంది. అయినా పత్రికా ప్రకటన మాత్రం ఎప్పుడూ ఒక్కటే: ‘బీఓడీ తగ్గింది, నీరు శుద్ధి అయింది.’ బీఓడీ అంటే సూక్ష్మజీవులు మలినాన్ని తింటూ పీల్చే ప్రాణవాయువు లెక్క. లోహాల విషానికి ఆ జీవులే చచ్చిపోతే పీల్చేదెవరు? అంకె తగ్గుతుంది. విషం ముదిరేకొద్దీ సర్టిఫికెట్టుకు నిగారింపు వస్తుందన్నమాట. ఇంత చమత్కారం ఏ కామెడీ ట్రాక్ రచయితకూ తట్టలేదు!

తెలియక జరిగిందా అంటే, అదీ కాదు. ఇదే నగరంలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పటాన్‌చెరు, కాటేదాన్ మట్టిని పరీక్షించి, క్రోమియం, సీసం వంటివి మోతాదు మించాయని ఎప్పుడో అచ్చువేశారు. ఎర్రగడ్డకు పొరుగునే ఉన్న బాలానగర్ మట్టినీ శాస్త్రవేత్తలు వదల్లేదు. ఆ పత్రాలు లైబ్రరీ బీరువాల్లో క్షేమం. లోహాలు మట్టిలో క్షేమం.

మూసీ నీళ్ళు కదిలిపోతాయి గనుక ఫొటోలో తేటగా కనబడవచ్చు. అడుగు బురద కదలదు. సన్నటి బంకమట్టికి అంటుకున్న లోహం ఏళ్ళ తరబడి అక్కడే కాపురముంటుంది. వరదొచ్చి బురదను కెలికినా, నీటి ఆమ్లగుణం మారినా మళ్ళీ పైకి లేస్తుంది. పీర్జాదిగూడ వైపు మూసీ నీటితో గడ్డి పెంచుతారు, ఆ గడ్డి గేదెలు మేస్తాయి, వాటి పాలు మనమే తాగుతాం. సీసం ఎంత తక్కువైనా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అది ముందు దెబ్బకొట్టేది పసిపిల్లల మెదడును.

ఇక మూసీ సుందరీకరణ సంగతి. 2024 అక్టోబరులో తెలంగాణ బృందం సియోల్ వెళ్ళి చియోంగ్‌గ్యేచియోన్ వాగును చూసి మురిసిపోయింది. ఆ వాగులో గలగల పారేది ఎక్కువగా హాన్ నది నుంచి పంపులతో తోడిపోసే నీరు. అంతదూరం వెళ్ళినవాళ్ళు పక్కనే ఉన్న జపాన్‌లో దిగాల్సింది. పాదరసం విషంతో వచ్చే మినమాట జబ్బు అక్కడ 1956లో బయటపడింది. అక్కడి అఖాతంలో పాదరసం పేరుకున్న అడుగు బురదను తవ్వి పూడ్చే పని 1977లో మొదలై 1990 దాకా సాగింది. అక్కడ సెల్ఫీ దిగడానికి ఫౌంటెన్లు లేకపోవచ్చు, నేర్చుకోవడానికి మాత్రం బోలెడంత ఉంది.

మూసీ గట్టున వాకింగ్ ట్రాకుకు టెండరు పిలిచేముందు ప్రభుత్వం ఒక్క పని చేయాలి. గండిపేట దిగువ నుంచి కృష్ణలో కలిసే వాడపల్లి దాకా అడుగు బురదలో సీసం, కాడ్మియం, క్రోమియం ఎంతున్నాయో ఏటా కొలిపించి, ఆ పట్టికను బీఓడీ అంకె పక్కనే, తెలుగులో, జనం ముందు పెట్టాలి.